మోపిదేవిలో అమ్మకానికున్న ఫ్రేము

గుడివాడ,
8 జులై 2024.

కాలేషా,

బతికే ఉన్నావని తెలుసు. పోయి ఉంటే మీ షరీఫా ఒక కార్డు ముక్కైనా రాసేది. ఆవిడ నీకంటే మర్యాద తెలిసిన మనిషి. రెండేళ్ళుగా నువ్వు రాయలేదు, నేనూ రాయలేదు. తప్పు ఇద్దరిదీ కాబట్టి పలకరింపులు వదిలేసి పనిలోకి వస్తాను.

నీకు చెముడు. నాకు ఫోనంటే అసహ్యం. ఫోనులో అన్న మాట గాలికి పోతుంది, కాగితం మీద అన్న మాట అన్నవాడి మెడకు చుట్టుకుంటుంది. అందుకని రాస్తున్నాను.

నా పుస్తకం ప్రెస్సుకు వెళ్ళింది. మూడు వందల పేజీలు. డెబ్భై ఆరేళ్ళలో నన్ను ముంచినవాళ్ళందరినీ ఇంటిపేర్లతో, ఊళ్ళతో సహా రాశాను. ఇక్కడి పెద్దమనుషులు “ఆత్మకథా అండీ?” అని అడుగుతున్నారు. కాదు, జాబితా అని చెబుతున్నాను. అప్పటినుంచి ఇద్దరు నన్ను చూసి రోడ్డు దాటుతున్నారు. వాళ్ళ పేర్లు పుస్తకంలో లేవు. ఉండాల్సిందేమోనని ఇప్పుడు అనుమానం వస్తోంది.

అసలు సంగతి. మా చెల్లెలి మనవరాలు యశస్విని బందరులో ఇంజనీరింగ్ చదువుతోంది. పాత ఉక్కు ఫ్రేము కొని, కొత్త చక్రాలు వేయించుకుని తొక్కడం ఇప్పుడీ పిల్లలకు సరదాట. మొన్న వచ్చినప్పుడు ఫోనులో ఒక ఫోటో చూపించింది. మోపిదేవిలో గ్రేస్ అనే ఆవిడ ఫ్రేము ఒకటి అమ్మకానికి పెట్టింది. ఆకుపచ్చ రంగు. చక్రాలు లేవు, హ్యాండిల్ లేదు, సీటు లేదు. పాత ఇంగ్లీషు సైకిలుది.

నువ్వొకసారి వెళ్ళి చూసి రావాలి. బందరు నుంచి బస్సు నీకే దగ్గర. సీటు కింద జాయింటు మీద నంబరు గుద్ది ఉంటుంది. ఒక్క అంకె పొల్లుపోకుండా రాసుకుని రా. వీలైతే దాని మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దు. మిగతా పరీక్షలు నీ ఇష్టం. నంబరు మాత్రం మర్చిపోకు.

నా పేరు చెప్పొద్దు. పిల్ల పేరు చెప్పు.

ఈశ్వరప్రసాద్


మచిలీపట్నం,
24 జులై.

ప్రసాదు బావా,

నీ ఉత్తరం చూసి షరీఫా “ఇంకా ఎవరితోనో పోట్లాడుతున్నట్టున్నాడు, ఆరోగ్యంగానే ఉన్నాడన్నమాట” అంది. మేం బాగానే ఉన్నాం. షాపు మావాడు యాసిన్ చూస్తున్నాడు. ఇప్పుడంతా బ్యాటరీ సైకిళ్ళు. నేను ఓ మూల స్టూలు వేసుకుని కూర్చుంటాను. ఎవరైనా పాత బండి తెస్తే ఇద్దరం పలకరించుకుంటాం.

సోమవారం మోపిదేవి వెళ్ళాను. బస్సులో అందరూ గుడికి వెళ్ళేవాళ్ళే. నా సంచిలో కిరసనాయిలు సీసా, సుద్దముక్క, దారపుండ చూసి పక్కనావిడ “ఏం మొక్కండీ ఇది?” అని అడిగింది.

గ్రేస్ గారి ఇల్లు లంక వైపు రోడ్డు మీద ఉంది. ఆవిడకు యాభై లోపు ఉంటాయి. ఫ్రేము వసారాలో మేకుకు వేలాడుతోంది. కిందికి దించి ఇచ్చింది.

“ఎవరికండీ?”

“మా స్నేహితుడి చెల్లెలి మనవరాలికమ్మా.”

“ఆడపిల్ల తొక్కడానికా? అయితే బాగా చూడండి మావయ్యగారూ. తొందరేం లేదు.”

బాగానే చూశాను. రంగు జోలికి పోలేదు. రంగు అమ్మేవాడి మాట, ఇనుము బండి మాట. వెనక చక్రం కూర్చునే చోట దారం కట్టి, ముందు గొట్టం చుట్టూ తిప్పి, రెండో వైపుకు లాగి కట్టాను. దారానికీ సీటు గొట్టానికీ మధ్య సందు రెండు వైపులా ఒక్కలా ఉండాలి. ఉంది. ఫ్రేము వంకర పోలేదు. ముందు జాయింటు కింద వేలు పెట్టి నిమిరాను. ఎక్కడైనా గుద్దుకుని ఉంటే అక్కడ రంగు ముడతలు పడుతుంది. పడలేదు. స్పోకు పుల్లతో గొట్టాలన్నీ తట్టాను. నాకు వినపడదు కాబట్టి ఇప్పుడు ఫ్రేమును పళ్ళకు ఆనించి తడుతున్నాను. గ్రేస్ గారు నవ్వింది. నవ్వినా పళ్ళు అబద్ధం చెప్పవు.

ఆఖరున కిరసనాయిలు పరీక్ష. అతుకుల దగ్గర లోపలి నుంచి కిరసనాయిలు పోసి, బయట సుద్ద పూసి, ఒక గంట ఎండలో పెట్టాను. వెంట్రుకంత పగులున్నా అందులోంచి ఊరి సుద్ద మీద నల్లటి గీత పడుతుంది. పెడళ్ళ ఇరుసు దగ్గర పడింది బావా. పగులుంది. ఆడపిల్ల ఎక్కాల్సిన బండి కాదది. వద్దు.

నంబరు తుప్పులో పోయింది. చదవడానికి వీల్లేదు.

పిల్లను ఒకసారి షాపుకు పంపించు. మంచి ఫ్రేము నేనే చూసి పెడతాను.

నీ
కాలేషా


గుడివాడ,
2 ఆగస్టు.

కాలేషా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. దారం సంగతి పది వాక్యాలు రాశావు. పళ్ళ సంగతి రాశావు. బస్సులో పక్కనావిడ సంగతి కూడా రాశావు. నేనడిగిన ఒక్క ముక్కా ఒక్క వాక్యంలో తేల్చేశావు. ఉక్కులో గుద్దిన నంబరు వసారాలో వేలాడే ఫ్రేము మీద తుప్పుపట్టి పోయిందని నువ్వు రాస్తే, పుస్తకాల మధ్య బతికిన నేను నమ్మాలా?

ఇక దాపరికం అనవసరం. అది నా సైకిలు. మా నాన్న కొన్నది. 77 ఉప్పెనలో మునిగితే ఆ మరుసటి ఏడాది నువ్వే కింద గొట్టం కోసేసి కొత్తది ఇత్తడి పోసి అతికావు. అతికిన చోట మీ నాన్న అలవాటు ప్రకారం మూడు చుక్కలు గుద్దావు. నీ చేతి అతుకు నువ్వు గుర్తుపట్టలేదంటే చెముడుతో పాటు కళ్ళు కూడా పోయాయన్నమాట.

1986 ఆగస్టు 14 సాయంత్రం మా గుడివాడ పఠనాలయం వరండాలోంచి పోయింది. తీసినవాడు అటెండరు దైవాధీనం. ఆ గ్రేస్ అతని కూతురు. ఇంటిపేరు చూడగానే తెలిసింది నాకు. ముప్ఫై ఎనిమిదేళ్ళకు దొంగ సొత్తు అమ్మకానికి పెట్టే ధైర్యం వచ్చింది వాళ్ళకి.

నా పుస్తకంలో పదకొండో అధ్యాయం అతనిదే. ఇలా మొదలవుతుంది: “మోపిదేవి వాస్తవ్యుడు, ఏసోబు కొడుకు దైవాధీనం పాఠకుల కుర్చీలో కూర్చుని చదువుతుండగా నేను లేవమన్నాను. అది జరిగిన రెండో రోజున నా సైకిలు పోయింది.” అదీ అతని కసి. అందరి ముందూ లేపానని. తాళం పగలగొట్టి తోసుకుపోతుండగా నేను కళ్ళారా చూశాను. పఠనాలయం కమిటీకి అదే రాసిచ్చాను. అతన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. పోలీసు కేసు పెట్టకుండా వదిలేయడం కమిటీ మంచితనం.

ఆ అధ్యాయంలో ఫ్రేము ఫోటో, నంబరు, నా దగ్గరున్న 1985 సైకిలు లైసెన్సు రసీదు పక్కపక్కన అచ్చు వేయిస్తాను. ప్రెస్సువాడు డిసెంబరు దాకా ఆగుతానన్నాడు. పగులుంటే ఉండనీ. నేను తొక్కడానికి అడగలేదు. కొను. నంబరు పంపు.

ఈశ్వరప్రసాద్


మచిలీపట్నం,
21 ఆగస్టు.

బావా,

పందొమ్మిది రోజులు పట్టింది ఈ ఉత్తరానికి. మూడు చింపాను. షరీఫా “నిజం రాయడానికి అన్ని కాగితాలెందుకు?” అంది.

ఫ్రేముకు పగులు లేదు. సుద్ద తెల్లగానే ఉంది. అరవై ఏళ్ళలో నేను ఒక ఫ్రేము గురించి అబద్ధం చెప్పడం అదే మొదలు. నంబరు కూడా చక్కగా కనబడుతోంది. 40718. నీ రసీదులో అదే ఉంటుంది, చూసుకో. మూడు చుక్కలూ ఉన్నాయి. నువ్వు కొనకుండా వదిలేస్తావని అలా రాశాను. పిల్ల కోసం అన్నావు కదా, పిల్ల ప్రాణం మీద పెడితే ఆగుతావనుకున్నాను.

ఇప్పుడు మిగతాది. నేను సీటు కింద నంబరు తుడుస్తుంటే గ్రేస్ గారు లోపలికి కేకేసింది: “నాన్నా, నంబరు చూస్తున్నారు!”

దైవాధీనం కర్ర పట్టుకుని బయటికి వచ్చాడు.

“అందరూ ధర అడుగుతారు కాలేషా గారూ. బరువెంతని అడుగుతారు. నంబరు అడిగేవాడొకడు వస్తాడు, అప్పుడు నన్ను పిలువమ్మా అని చెప్పాను. మీరొస్తారనుకోలేదు.”

“పిల్లకోసం...” అన్నాను.

“పిల్ల తొక్కడానికి నంబరెందుకండీ?” అన్నాడు.

మన కాలంలో లైసెన్సు కాగితం తడవకుండా మైనపుగుడ్డలో చుట్టి సీటు గొట్టంలో దూర్చి, పైన బిరడా కొట్టేవాళ్ళం. గుర్తుందా? అతను ఆ బిరడా తన చేత్తోనే లాగి, గుడ్డ విప్పి చూపించాడు. లోపలున్నది వేలం రసీదు. 1991 మార్చిలో బందరులో పోలీసువాళ్ళు దిక్కులేని సైకిళ్ళు వేలం వేశారు. ఒక దొంగ దగ్గర దొరికిన పద్నాలుగింటిలో ఇదొకటి. చక్రాలు అప్పటికే లేవు. ఆ దొంగ పేరు, కేసు నంబరు, ఫ్రేము నంబరు అన్నీ అందులో ఉన్నాయి. ఆ దొంగ దైవాధీనం కాదు బావా.

ఆ రసీదు నేను కొత్తగా చూడలేదు. ఇది రాయడానికే ఇన్ని రోజులు పట్టింది. నీ సైకిలు పోయిన దగ్గర్నుంచి అయిదేళ్ళు ఈ జిల్లాలో ఎక్కడ సైకిళ్ళ వేలం జరిగినా దైవాధీనం ఒక్కటి వదల్లేదు. దొరికిన రోజునే ఫ్రేము భుజాన వేసుకుని నా షాపుకు వచ్చాడు. “ఇది మీ చేతి అతుకేనని ఒక్క ముక్క రాసివ్వండి. రసీదుతో పాటు కమిటీకి చూపించుకుంటాను” అన్నాడు. రేపు రమ్మన్నాను. మర్నాడు వచ్చాడు. మళ్ళీ రేపు రమ్మన్నాను. మూడో రోజు రాలేదు. అప్పట్లో గుడివాడ నుంచి నాకొచ్చే పనంతా నువ్వు చెబితే వచ్చేదే. మీ కమిటీవాళ్ళ ఇళ్ళ సైకిళ్ళన్నీ నా దగ్గరికే వచ్చేవి. నేను రాయలేదు.

ఇంకొకటి. 86 ఆగస్టు 14 సాయంత్రం నువ్వు గుడివాడలో లేవు. మర్నాటి జెండా పండక్కి మేం షాపు ముందు రంగు కాగితాలు కడుతున్నాం. నువ్వు మైదా జిగురు మోచేతుల దాకా పూసుకుని, నిచ్చెన మీద నిలబడి మాకు ఉపన్యాసం ఇచ్చావు. ఏడు గంటల బస్సు నేనే ఎక్కించాను. ఏం కళ్ళారా చూశావు బావా?

కాలేషా


గుడివాడ,
27 ఆగస్టు.

కాలేషా,

ముప్ఫై ఎనిమిదేళ్ళ నాటి సాయంత్రం ఏ నిచ్చెన మీద ఎవరున్నారో నీకు గుర్తుంది. నిన్న చెప్పిన అబద్ధం మాత్రం ఈ రోజు ఒప్పుకుంటావు. ఏ ఉత్తరంలో నువ్వు నిజం రాశావో నేనెలా తెలుసుకోను? జులైలో పగులుందన్నవాడు ఆగస్టులో లేదంటే, సెప్టెంబరులో మళ్ళీ ఉందంటాడు.

నువ్వెప్పుడూ ఇంతే. స్కూల్లో ఇద్దరం దెబ్బలు తినాల్సినచోట నువ్వు ఏడ్చి తప్పించుకునేవాడివి, నేను చెయ్యి చాపేవాణ్ణి. ఇప్పుడు పోయే వయసులో మంచివాడివని అనిపించుకోవాలని బుద్ధి పుట్టింది నీకు. దానికి నన్ను మెట్టు చేసుకున్నావు. నీ మతంలోనూ నా మతంలోనూ పాపం ఎవరిది వాళ్ళు మొయ్యాలనే చెప్పారు. ఇంకోడి నెత్తిన పెట్టి దిగిపోమనలేదు.

అధ్యాయం అచ్చవుతుంది. అవసరమైతే నీ పేరుతో ఇంకో అధ్యాయం రాసే ఓపిక కూడా నాకుంది. జవాబు రాయకు.

ఈశ్వరప్రసాద్


మచిలీపట్నం,
9 సెప్టెంబరు.

బావా,

రాయొద్దన్నావు కాబట్టి ఎక్కువ రాయను.

నా గురించి అధ్యాయం రాయి. రాయడానికి చాలా ఉంది. మర్చిపోతే నన్నడుగు, చెబుతాను.

దీంతో పాటు వేలం రసీదు జిరాక్సు పంపిస్తున్నాను. మళ్ళీ మోపిదేవి వెళ్ళి అడిగితే గ్రేస్ గారు తీసి ఇచ్చింది. ఎవరికని అడిగితే చెప్పాను. ఆవిడ ముఖం చూడలేక గోడ మీద క్యాలెండరు చూస్తూ చెప్పాను. నీ పుస్తకంలో వాళ్ళ నాన్న పేరు, తాత పేరు, ఊరు పేరు అచ్చవుతున్నాయనీ చెప్పాను. “మా నిస్సీకి పోయిన నెల్లోనే ఇక్కడి బళ్ళో టీచరు ఉద్యోగం వచ్చిందండీ. ఏసోబు కొడుకు దైవాధీనం అంటే ఈ ఊళ్ళో ఇంకెవరూ లేరు. పిల్లలు చదవడం నేర్చుకునేది దాని దగ్గరే కదా, ఆ పుస్తకం కూడా చదువుతారు” అంది. నిస్సీ ఆవిడ కూతురు.

అంతే. ఫ్రేము ఇంక అమ్మరట. ఫోనులోంచి ఫోటో తీసేశారు.

కాలేషా


గుడివాడ,
6 అక్టోబరు.

కాలేషా,

జిరాక్సు అందింది. ఇరవై రోజులు డిక్షనరీలో పెట్టి మూసేశాను. ఏ మాట కోసం తెరిచినా అదే పేజీ వస్తోంది. నిన్న నా లైసెన్సు రసీదు తీసి పక్కన పెట్టాను. రెండూ ఒకటే నంబరు.

చూశానని రాసిచ్చాను. చూడలేదు.

ఎలా జరిగిందో చెబుతాను, విను. బందరు నుంచి దిగేసరికి వరండా ఖాళీగా ఉంది. మా నాన్న సైకిలు. తాళంచెవుల గుత్తి అతని దగ్గర ఉంటుంది. రెండు రోజుల ముందే అతన్ని అందరి ముందూ కుర్చీలోంచి లేపాను. ఇంకెవరు? నాకు ఖాయంగా తెలుసు. కమిటీవాళ్ళు “అనుమానం మీద తీసెయ్యలేం, చూసినవాళ్ళెవరైనా ఉన్నారా?” అన్నారు. ఖాయంగా తెలిసినదాన్ని చూశానని చెప్పడం అబద్ధమని ఆ నిమిషంలో అనిపించలేదు. తరవాత పదేళ్ళకు నిజంగానే చూసినట్టు గుర్తుండసాగింది. చొక్కా రంగుతో సహా. అధ్యాయంలో రాశాను, నీలం చొక్కా అని. ఇన్ని పుస్తకాలు చదివినవాణ్ణి. మనసు ఇలాంటి మోసం చేస్తుందని ఎన్నో చోట్ల చదివాను. చదువుతూ తల కూడా ఊపాను, ఇది పక్కవాళ్ళ సంగతి అనుకుంటూ.

ఆ మధ్య నువ్వు చెయ్యి చాపనివాడివని రాశాను. వెనక్కి తీసుకుంటున్నాను.

ప్రెస్సుకు ఫోను చేశాను. అవును, ఫోనే. పదకొండో అధ్యాయం తీసేయమన్నాను. “పదహారు పేజీలు పోతే పుస్తకం పల్చబడి అట్ట వీపుకు సరిపోదండీ” అని ఏడ్చాడు. ఏడవనీ.

నువ్వొకసారి మోపిదేవి వెళ్ళి దైవాధీనానికి చెప్పి రా, అధ్యాయం తీసేశానని. ఇంక ఆ సంగతి ఎక్కడా రాదని. నిస్సీ ఉద్యోగానికి ఏ ఢోకా లేదని. నా తరఫున ఏం చెప్పాలనిపిస్తే అది చెప్పు. నీకు అలాంటి మాటలు బాగా వచ్చు.

ఈశ్వరప్రసాద్


మచిలీపట్నం,
19 అక్టోబరు.

బావా,

నేను వెళ్ళను.

చూసి రమ్మంటే చూసి వచ్చాను. చెప్పి రమ్మంటే రాను. నా తరఫున చెప్పాల్సింది నాకొకటి ఉంటే అది నేను చేసేశాను. ముప్ఫై మూడేళ్ళ క్రితం రేపు రమ్మన్న కాగితం మొన్న శుక్రవారం రాసి తీసుకెళ్ళాను. “ఈ ఫ్రేము కింది గొట్టం 1978లో నేను అతికింది, మూడు చుక్కలు నావే” అని. కింద మూడు చుక్కల బొమ్మ కూడా వేశాను. దైవాధీనం దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఇప్పుడు దీన్ని ఎవరికి చూపించనండీ? కమిటీలో ఒక్కడూ బతికి లేడు” అన్నాడు.

అయినా మడిచి మైనపుగుడ్డలో పెట్టుకున్నాడు. నేను ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం తినలేదు. షరీఫా తిట్టి పెట్టింది.

కమిటీలో ఒక్కడున్నాడని నేను అతనితో అనలేదు. ఆ రోజు కాగితం రాసిచ్చిన కార్యదర్శివి నువ్వే కదా.

గుడివాడలో ఎక్కి బందరులో దిగు. అక్కడినుంచి అవనిగడ్డ బస్సు. మోపిదేవిలో గుడి దగ్గర కాకుండా లంక రోడ్డు మలుపులో ఆపమను. ఆపుతాడు. మోకాళ్ళ నొప్పులని నాకు రాయకు. నాకూ ఉన్నాయి.

కాలేషా


మోపిదేవి,
11 నవంబరు.

కాలేషా,

దైవాధీనం ఇంటి వసారాలో నులక మంచం మీద కూర్చుని రాస్తున్నాను. కాగితాలు నిస్సీవి. గీతలు పిల్లలు నాలుగు గీతల కాపీ రాసుకునేవి. నా దస్తూరీ వాటి మధ్య ఇరుక్కుంటోంది.

ఉదయం తొమ్మిదిన్నరకు వచ్చాను. గేటు దగ్గర గ్రేస్ “ఎవరు కావాలండీ?” అంది. పేరు చెప్పాను. గేటు మీద చెయ్యి తియ్యలేదు. లోపల్నుంచి అతనే “రానీయమ్మా, నంబరు సరిపోయిందో లేదో చూసుకోడానికి వచ్చుంటారు” అన్నాడు.

బస్సులో మూడు గంటలు కూడబలుక్కున్న మాటలున్నాయి నా దగ్గర. మొదటి వాక్యం దగ్గరే ఆపేశాడు.

“అధ్యాయం తెచ్చారా?”

“తీసేశానండీ. ప్రెస్సువాడికి చెప్పేశాను. ఆ భయం అక్కర్లేదు.” అండీ అని నా నోటికి ఎలా వచ్చిందో తెలియదు. అప్పట్లో ఒరేయ్ అనేవాణ్ణి.

“తెచ్చారా లేదా?”

సంచిలో ఉంది. చింపి అతని చేతిలో పెడదామని తెచ్చాను. చదవమన్నాడు. పైకి, అందరికీ వినపడేలా. గ్రేస్ గుమ్మంలో నిలబడింది. నిస్సీ బడికి ఆలస్యమవుతున్నా కదల్లేదు. చదివాను, కాలేషా. పదహారు పేజీలు. నా వాక్యాలు బాగుంటాయని నలుగురూ అంటారు. నాలుగో పేజీకి నా గొంతు ఎండిపోయింది. నీళ్ళు అడగడానికి సిగ్గేసింది. ఎవరూ ఇవ్వలేదు.

అతను మధ్యలో రెండుసార్లే మాట్లాడాడు. కుర్చీలో కూర్చుని చదివిన చోట “అది మాత్రం నిజమే రాశారు. చదివాను” అన్నాడు. నీలం చొక్కా దగ్గర నవ్వాడు. “ఆ సంవత్సరం నాకున్నవి రెండూ ఖాకీలేనండీ. మీరిచ్చిన యూనిఫారమే.”

అయిపోయాక చింపబోయాను. కర్ర అడ్డం పెట్టాడు.

“చింపితే మీ పుస్తకం శుభ్రమవుతుంది. నేను శుభ్రం కాను. గుడివాడలో నన్నెరిగిన ముసలాళ్ళకి నేనింకా సైకిలు దైవాధీనాన్నే. మా ఆవిడ పోయేటప్పుడు కూడా ఆ పేరు వింటూనే పోయింది. మీరు రాయకపోతే ఆ మాట ఆగదు, రాస్తేనే ఆగుద్ది. అది అలాగే అచ్చెయ్యండి. ఒక్క అక్షరం తియ్యొద్దు. దాని కిందే నిజం రాయండి. ఇక్కడే కూర్చుని రాయండి, మా ముందు.”

కూర్చున్నాను. ఒక గంటలో నాలుగు పేజీలు రాశాను. జ్ఞాపకం అనేది ఎలాంటిదో, మనిషి మనసు తనకు తానే సాక్ష్యం ఎలా పుట్టించుకుంటుందో, పెద్దవాళ్ళ మాటలు రెండు చేర్చి రాశాను. బాగా వచ్చింది. చదివి వినిపించాను. అతను ఓపికగా విని, “ఇందులో నేనెప్పుడొస్తానండీ?” అన్నాడు.

చింపి మళ్ళీ రాశాను. ఈసారి రెండు పేజీలు. మా నాన్న, సైకిలు, ఆ రోజు నా మనఃస్థితి. “ఇది మీ గురించి బావుంది” అన్నాడు. గ్రేస్ లోపల ఏదో గిన్నె గట్టిగా పెట్టింది.

మూడోసారి ఒక పేజీయే. మధ్యాహ్నం బడి వదిలాక వచ్చిన నిస్సీ తీసుకుని చదివింది. ఎర్ర కలం ఆ పిల్ల చేతిలోనే ఉంది. “తాతయ్య పేరు నాలుగో పేరాలో వచ్చిందండీ. అప్పటిదాకా నేను, నా, నాకు అనే ఉన్నాయి. ఇరవై రెండు చోట్ల” అంది. లెక్కపెట్టింది! మూడు వందల పేజీల పుస్తకం రాసినవాణ్ణి నాలుగో తరగతి టీచరు దిద్దింది. కోపం వచ్చింది. దాచుకోలేదు, లేచి నిలబడ్డాను. ఎవరూ కూర్చోమనలేదు, వెళ్ళమనీ అనలేదు. రోడ్డు మీద అవనిగడ్డ బస్సు ఒకటి వెళ్ళిపోయింది. మళ్ళీ కూర్చున్నాను.

అప్పుడు గ్రేస్ ఒక పళ్ళెంలో అన్నం తెచ్చి పక్కన పెట్టింది. “తిని రాయండి. మీ కోసం కాదు, మా నాన్న మీరు తినందే తిననంటున్నాడు. ఆయనకు షుగరుంది” అంది.

తిన్నాక అతను మంచం దగ్గరికి స్టూలు జరుపుకున్నాడు. “మీకు ఎక్కువ మాటలొచ్చు. అదే ఇబ్బంది. నేను చెబుతాను, మీరు రాయండి” అన్నాడు. చెప్పాడు. రాశాను. నీకూ అదే రాస్తున్నాను:

“సైకిలు దైవాధీనం తియ్యలేదు. తీస్తుండగా చూశానని నేను కమిటీకి రాసిచ్చింది అబద్ధం. ఆ అబద్ధం వల్ల అతని ఉద్యోగం పోయింది.”

తరవాత ఏం రాయాలని అడిగాను.

“చాలండీ. సంతకం పెట్టండి.”

పెట్టాను. తేదీ కూడా వెయ్యమన్నాడు. ఈ రోజుది వేశాను. అతను కాగితం కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసి, మళ్ళీ నా ముందుకు జరిపాడు.

“సైకిలు పోయిన ఆ రోజుది కూడా వెయ్యండి” అన్నాడు.

పక్కనే 14 ఆగస్టు 1986 అని వేశాను.

ప్రసాదు